సన్యాసమ్మ పేరున్న జపాను సీసా

నేను ఒక నీళ్ల సీసాను. అల్యూమినియం ఒళ్లు, సిపాయి నడుముకి అతుక్కునేలా కాస్త లోపలికి వంగిన పొట్ట. పుట్టింది జపానులో, కాపురం చేసింది భీమిలి దగ్గర. ఆ మధ్య విశాఖపట్నంలోని ఒక కాలేజీ హాల్లో నన్ను బల్ల మీద నిలబెట్టి, రెండు దేశాల పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. ఆ విసుగు నాకింకా తీరలేదు.

నా మొదటి యజమాని కెన్‌సాకు. బర్మా బయలుదేరే ముందు నా పొట్ట మీద మేకుతో తన పేరు గీసుకున్నాడు. ఇంటి దగ్గర పాలు తాగే కూతురుంది. అడవిలో జ్వరం వచ్చి, ఒక చెట్టుకి ఆనుకుని, నన్ను ఒళ్లో పెట్టుకునే పోయాడు. ఎవరూ చంపలేదు. మర్నాడు అటు వచ్చినవాడు అప్పలనాయుడు, ఇంగ్లీషువాళ్ల సైన్యంలో సిపాయి. ముందు నాలో మిగిలిన నీళ్లు గటగటా తాగాడు. తరవాతే పక్కనున్న మనిషిని చూశాడు. ఆ కళ్లు మూసి, నన్ను భుజాన వేసుకుని నడిచాడు. జరిగింది ఇంతే.

ఊరికొచ్చి సన్యాసమ్మను పెళ్లి చేసుకున్నాడు. అబ్బ, ఆ కొత్త కాపురం! సముద్రం ఒడ్డున కూర్చుని ఇద్దరూ నాలోంచే చెరుకురసం తాగేవారు. ఆమె గడ్డం మీద కారితే అతను నవ్వేవాడు, అతని చొక్కా మీద కారితే ఆమె. ఒక తీర్థంలో, జాతర అంగళ్ల దగ్గర, కొత్త పెళ్లికూతుళ్లంతా ఇత్తడి బిందెల మీద పేర్లు కొట్టించుకుంటున్నారు. బిందె కొనే స్తోమత లేని అప్పలనాయుడు నన్ను ముందుకు తోసి, "దీని మీద మా ఇంటిదాని పేరు కొట్టు" అన్నాడు. ఉలి చుక్కలు సరిగ్గా కెన్‌సాకు పేరు మీదే పడ్డాయి. నాకు ఇంత పొట్ట ఉండగా ఇంకెక్కడా చోటే దొరకలేదు!

ఇక ఆ హాలు సంగతి. యుద్ధం గురించి ఎవరి దేశం ఏం గుర్తుపెట్టుకుందో మాట్లాడుకోడానికి జపాను పిల్లలు వచ్చారు. అప్పలనాయుడి మనవరాలు హైమవతి నన్ను పట్టుకెళ్లింది.

"మనోళ్లు గెలిచి తెచ్చింది" అన్నాడు ఒకడు.

"గెలిచింది తెల్లోళ్లురా. మనోళ్లు జీతానికెళ్లారు" అన్నాడు ఇంకొకడు.

"శవం మీద నుంచి దొంగిలించారు" అన్నాడు జపాను కుర్రాడు.

"మరి మీరు మా వైజాగ్ మీద బాంబులెందుకేశారు?" అంది ఒక అమ్మాయి. అతను పక్కవాళ్లని అడిగి చూశాడు. వాళ్ల పుస్తకాల్లో ఆ ముక్కే లేదట.

అందరూ పరీక్ష రాస్తున్నట్టే మాట్లాడారు. ఆ రోజు అడవిలో ఉన్నది నేనొక్కదాన్ని. నన్ను తప్ప అందర్నీ అడిగారు!

ఆ గోలలో నొజొమి అనే జపాను పిల్ల నన్ను కిటికీ వెలుగులోకి తిప్పి, చుక్కల కింద గీతలు కనిపెట్టింది. వాళ్ల దేశానికి ఫోన్లు చేసి కెన్‌సాకు కూతురు బతికే ఉందని తెలుసుకుంది. ఎముకలు దొరక్క, తండ్రి అస్థికల పెట్టెలో ఆవిడకి వచ్చింది ఒక గులకరాయట. సీసా ఆవిడకిద్దాం అని బతిమాలింది.

"ఇవ్వను" అంది హైమవతి. "మా తాతకి ఫొటో కూడా లేదు. ఉన్నది ఇదొక్కటే."

ఇద్దరూ ఏడుపు. చివరికి, ఎనభై దాటిన సన్యాసమ్మనే తీసుకొచ్చారు.

"ఏటే అయిమా, సీసా కోసం ఏడుత్తన్నారేటి? నా పేరున్నది ఆలకెందుకు?"

"నీ పేరు కింద ఇంకో పేరుందంట మామ్మా. ముందు రాసింది అదేనంట."

సన్యాసమ్మ తన పేరు కింది గీతల్ని బొటనవేలి గోరుతో తడిమింది.

"పెళ్లిళ్లలో బిందెలు మారిపోతే పేరు సూసే కదే ఇచ్చీసుకుంటాం. ముందు పేరు ఆలదయితే సీసా ఆలదే."

"ఆ పేరున్నాయన్ని తాతే చంపాడా అని అడుగుతున్నారు" అంది హైమవతి, తల దించుకుని.

"నాకు సెప్పనేదమ్మా. అడిగితే లెగిసి బయటికెల్లిపోయీవోడు."

లేదే, చంపలేదే తల్లీ! అని అరవబోయాను. సీసాకి మూతి ఉంటుంది గానీ మాట ఉండదు. పెళ్లాంతో ఆ ఒక్క ముక్క చెప్పడానికి అప్పలనాయుడికి ఏమడ్డొచ్చిందో!

సన్యాసమ్మ నా మూత తిప్పి తీసి తన కొంగున ముడేసుకుంది.

"ఇది ఆలది కాదు. పాత మూత పోతే మీ తాత కొబ్బరిసిప్ప సెక్కి సేసినాడు. ఇది నాను ఇవ్వను. కాళీ సీసా ఇవ్వకూడదు, దోసెడు పెసలు అట్టుకురా."

పెసలు పోశారు. ఒలికిపోకుండా నొజొమి తన చేతిరుమాలు నా గొంతులో కుక్కింది. ఊపిరాడక ప్రాణం పోయింది.

ఇప్పుడు కెన్‌సాకు కూతురింట్లో, అలమరలో ఉంటున్నాను. పెసలు వండుకు తినేసింది. రోజూ నన్ను ఒళ్లో పెట్టుకుంటుంది, అది బాగుంటుంది. కొత్త మూత చేయించుదామా అని నొజొమి అడిగితే మాత్రం ఒప్పుకోదు. "దీని మూత ఆవిడ దగ్గర ఉందిగా" అంటుంది. అక్కడ సన్యాసమ్మ కూడా ఆ ముడి విప్పదట. ఇందులో ఎంతో అర్థం ఉందని రెండు దేశాల పిల్లలూ వ్యాసాలు రాశారు.

నా కడుపులో మాత్రం దుమ్ము పడుతోంది.