దీపాలు పెట్టాక నెమరు

గౌరి నిన్నటి నుంచి నెమరు వేయడం లేదు. పాకలో పడుకుని, దవడ కదపకుండా ఎటో చూస్తోంది. కోటిరత్నం దాని మెడ నిమురుతూ పక్కనే కూర్చుంది.

తప్పు బాపయ్యది. చుట్టాలింట్లో బారసాలకు వెళ్ళి, మిగిలిన అన్నమూ గారెలూ బక్కెట్‌తో తెచ్చి గేదె ముందు పెట్టాడు.

"అదీ పండగ చేసుకుంటదనుకున్నా," అన్నాడు, మొగుడి హోదా అంతా వదిలేసి.

"చేసుకుంది. చూడు, ఎంత సంబరంగా ఉందో."

గట్టు మీద కూతురు తేజశ్రీ సైన్సు పాఠం చదువుకుంటోంది. "అమ్మా, రూమినెంట్స్ అంటే నెమరు వేసే జంతువులంట. లాటిన్‌లో రూమెన్ అంటే గొంతు. మింగింది మళ్ళీ గొంతులోకి వచ్చుద్ది కదా, అందుకని. మరి నెమరు అనే మాట ఎట్టా వచ్చింది?"

"నమలడంలోంచే వచ్చుంటదిలేవే. ఎవరు చూడొచ్చారు?"

"మా తెలుగు సారూ అట్టాగే అన్నారు. ఖాయంగా చెప్పలేనన్నారు."

గొంతు అన్న మాట దగ్గర కోటిరత్నం ఆగిపోయింది. మింగిన దాన్ని మరిచిపోవచ్చని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

మధ్యాహ్నం పశువుల డాక్టరు వాసిం వచ్చి వెళ్ళాడు. "మందుతో లోపలి పులుపు తగ్గిందండీ. కానీ మేత అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోయాయి. బాగున్న గేదె నోట్లోంచి కాస్త నెమరు తీసి దీనికి పెట్టండి. పాలల్లో తోడు వేసినట్టే. రేపటి దాకా ఆగొద్దు, ప్రాణం నిలవదు."

దగ్గర్లో బాగున్న గేదె పక్కింటి మల్లేశ్వరిది. ఆ గుమ్మానికి వెళ్ళడానికే కోటిరత్నానికి కాళ్ళు రావడం లేదు. మిరపకాయలు కోయిస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం మల్లేశ్వరి చిన్న గిన్నె పట్టుకుని తోడుకు వచ్చింది. దీపాలు పెట్టాక తోడు ఇస్తే పాడి తగ్గుతుందని కోటిరత్నం ఇవ్వలేదు. మల్లేశ్వరి ఉత్త గిన్నెను పొట్టకు ఆనించుకుని వెనక్కి తిరిగింది. ఆ తిరగడం కోటిరత్నానికి అన్నం తినేటప్పుడు కూడా గుర్తొస్తూనే ఉంది.

ఏమని అడగాలో మాటలు కూర్చుకునేసరికి పొద్దు గూకింది. ఆమె వెళ్ళేటప్పటికి మల్లేశ్వరి గూట్లో దీపం పెట్టి అప్పుడే వెనక్కి తిరుగుతోంది.

"ఏం వదినా, దారి తప్పావా?"

"గౌరికి నెమరు పోయింది. మీ గేదెది కొంచెం కావాలి."

మల్లేశ్వరి దీపం వైపు చూసింది. "దీపాలు పెట్టాం గదా."

"పెట్టారు. ఆ రోజు నిన్ను ఉత్త గిన్నెతో పంపాను. అది నాకింకా కిందికి దిగట్లేదు."

మల్లేశ్వరి కొంగు బొడ్లో దోపుకుంది. "నాకు మాత్రం దిగిందా? నీ మీద కోపంతో మా ఆయనకు మజ్జిగ పోయడం మానేశా. పాపం, ఆయనేం చేశాడు? రా, కొమ్ములు పట్టుకో. పొడవదులే, నాలాంటిదే."

"అందుకే భయం."

ఇద్దరూ గేదె మెడనే చూస్తూ నిలబడ్డారు. చర్మం కింద ఒక ముద్ద కింది నుంచి పైకి పాకింది. అది నోట్లోకి రాగానే మల్లేశ్వరి నాలుకను పక్కకు లాగి పట్టి, పచ్చటి నెమరు తీసి కోటిరత్నం దోసిట్లో పెట్టింది. వెచ్చగా ఉంది. కోటిరత్నం దాన్ని చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి గౌరి నాలుక మీద పెట్టి, మింగేదాకా మూతి పట్టుకుంది.

అన్నం ఉడికింది. బాపయ్య కంచం దగ్గరకు రాలేదు. పాక గుంజను ఆనుకుని అలాగే నిలబడ్డాడు.

అప్పుడు గౌరి దవడ పక్కకు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

"నమిలిందే," అన్నాడు బాపయ్య.

కోటిరత్నం చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి, చిన్న గిన్నెలో గరిటెడు పెరుగు వేసుకుని బయటికొచ్చింది.

"ఇప్పుడా? దీపాలు పెట్టారే," అన్నాడు బాపయ్య.

"చూశాను," అంటూ ఆమె మెట్లు దిగింది.