కొసరు బెల్లం

సూర్యాపేట బజారులో ఆండాలు దుకాణం అందరికంటే ముందు తెరుచుకునేది. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఉప్పు బస్తా మూతి మడిచి కూర్చునేది. వచ్చినవాళ్లను ముందు ఇంట్లోవాళ్ల బాగోగులు అడిగేది, సరుకు సంగతి ఆ తరువాతే. కొలిచి ఇచ్చాక కొసరుగా ఓ బెల్లం ముక్క చేతిలో పెట్టేది. ఆ ముక్క తిన్నవాళ్ల కాళ్లు మళ్లీ ఆ దుకాణానికే వచ్చేవి. కోదాడ అంగడికని గొర్లు తోలుకుని బయల్దేరిన బీరయ్య ఓసారి మందతో సహా ఇక్కడ తేలాడు. "కాళ్లు ఇటే వట్టినయ్ వదినా," అని చింతపండు కొనుక్కుని పోయాడు. గొర్లు మాత్రం దారి పొడుగునా గునిసాయట, పాపం వాటికెవరు పెట్టారు కొసరు!

ఆండాలు మొగుడు దుర్గయ్య కూడా ఆ బెల్లం ఎన్నడూ నోట పెట్టలేదు. కొసరు కొనేవాళ్ల సొత్తు, ఇంటివాళ్లు ముట్టరాదని అత్తగారి నాటి కట్టుబాటు. రజాకార్ల గొడవల్లో మగవాళ్లు కోదాడ దాటి సర్కారు జిల్లాలకు పారిపోయినప్పుడు అతనూ పోయాడు. పోలీసు చర్య అయ్యాక అతనితో పోయినవాళ్లు తిరిగొచ్చారు. దుర్గయ్య రాలేదు. ఒక్క ముక్క తినిపించి పంపితే ఏం పోయేదని ఆండాలు తనను తాను తిట్టుకోని రోజు లేదు. బజారులో ఏ మగమనిషి నడక వినిపించినా ఆమె ప్రాణం లేచి వచ్చేది.

ఇంతలో బస్సులు ఆగే చోట కోటిలింగం సేటు పెద్ద దుకాణం పెట్టాడు. కొత్తవాళ్లంతా అటే పోయారు. ఆండాలు పాత బేరగాళ్లలో చాలామంది గొడవల్లోనే ఊరొదిలి చెదిరిపోయారు; దూరాభారం, వచ్చినా ఏడాదికోసారే. గోదాముకు ఆమె దుకాణం ఇవ్వమని సేటు అడిగాడు. చిలుకూరు నుంచి అన్న వచ్చి, "ఇగ ఎన్నొద్దులు సూస్తవ్ చెల్లే? ఇచ్చేసి మాతోని రా," అన్నాడు. అమాసకు తాళాలిస్తానని ఆండాలు మాటిచ్చింది. ఇచ్చిందే గాని అన్నం సహించలేదు. దుకాణం లేకపోతే ఆయన ఏ గుమ్మానికి వస్తాడు?

ఆ వారమే దామరచర్ల దగ్గరి తండా నుంచి పాత బేరగత్తె పుష్పాబాయి, అంత దూరం నడిచి, ఉప్పుకొచ్చింది.

"మీ ఆయన మిర్యాలగూడ మిల్లుల బస్తాలు మోస్తుండు సావుకారమ్మా. కండ్లార సూసిన."

ఉప్పు కొలుస్తున్న ఆండాలు చేతిలో సోలె ఆగిపోయింది. "మరి ఇంటికెందుకు రాడంట?"

"శానసార్లు బయలెల్లిండంట. పెండ్లాన్ని ఒంటరిగ ఇడిసి ఉరికినోణ్ని, ఏం మొకం పెట్టుకొని పోను అన్నడు. ఊరు కనవడంగనె అడుగు పడతలేదంట."

ఆండాలుకు కోపం, ఏడుపు ఒకేసారి ముంచుకొచ్చాయి. "సిగ్గంట సిగ్గు!" అని ముక్కు చీదింది. చెయ్యి బెల్లం దిమ్మ మీదికి పోయి, మధ్యలోనే ఆగింది. "ఇంటాయనకు కొసరు ఎట్లిస్త?"

పుష్పాబాయి కొంగు ముడి విప్పి పైసలు తీసింది. "ఆయన పేరు మీద సోలెడు ఉప్పు నేను కొంట. ఇగ ఆయన బేరగాడేనాయె!"

ఆండాలు ఉప్పు కొలిచింది. బెల్లం ముక్క కొట్టి, మోదుగాకులో చుట్టి, పోతూ దారిలో ఆయనకిమ్మని ఇచ్చింది.

అమాస నాటి మధ్యాహ్నం ఆమె ఖాళీ డబ్బాలు సర్దుతుంటే గుమ్మంలో నీడ పడింది. దుర్గయ్య అడ్డబల్లకు అవతల, కొనేవాళ్లు నిలబడే చోటే నిలబడ్డాడు. చిక్కి సగమయ్యాడు.

"ఏం గావాలె?" అంది ఆండాలు.

"ఏమో. కాళ్లు తెచ్చినయ్," అన్నాడు తల దించుకుని. "నిన్ను ఇడిసి పోయి..."

"గవన్ని తర్వాత. లోపలికి రా." ఆమె అడ్డబల్ల ఎత్తింది. "జర దుకాణం సూడు. నువ్వు పోయిన కాన్నుంచి కంటి నిండ నిద్ర లేదు నాకు."

తాళాలు బొడ్లో దోపుకుని, లోపలికి పోయి బస్తాల మీద ఒరిగింది. కళ్లు మూతలు పడుతుండగా సేటు చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. తాళాల కోసం వచ్చినట్టున్నాడు.

"దండం సేటూ, ఇంట్ల అందరు మంచిగున్నరా?" దుర్గయ్య గొంతు. "ఏమియ్యమంటవ్?"

సేటు ఏమన్నాడో ఆండాలు వినలేదు. అప్పటికే నిద్రపోయింది.