మార్గళి ముగ్గులూ, నా తొలి వీధీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊళ్లకు ప్లాన్లు గీసే ఉద్యోగానికి అది పనికిరాదని కాలేజీలోనే చెప్పారు. విన్నానా? 2006లో నా చేతికి మొట్టమొదటి సొంత పని వచ్చింది. పెద్దదేం కాదు, పుదుచ్చేరి ఒర్లియంపేటలో మేముండే వీధి. కార్తీకం వానలకు మోకాళ్ల లోతు నీళ్లు నిలిచేవి అక్కడ. పాత సిమెంటు తవ్వేసి బొక్కలున్న ఇటుకలు పరిస్తే ఆ నీళ్లు భూమిలోకి ఇంకుతాయి, మా బోర్లు ఉప్పెక్కకుండా ఉంటాయి. ఇదొక్కటి నెగ్గితే పుదుచ్చేరి అంతా ఇలాంటి వీధులే వేయించొచ్చని నా ఆశ.

మున్సిపాలిటీ ఇంజనీరు రాజ్‌మోహన్ సార్ ముందే చెప్పేశారు. "వీధి జనం ఒప్పుకోవాలమ్మా. లేదంటే మళ్లీ సిమెంటే."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ముందు మా వాకిట్లోనే ఆ ఇటుకలు పరిపించాను. అప్పుడే ధనుర్మాసం పెట్టింది. మా ఇళ్లల్లో దాన్ని మార్గళి అంటాం. మర్నాడు తెల్లవారగానే మా అవ్వ మునెమ్మ వాకిలి ఊడ్చి కల్లాపి చల్లింది. నీళ్లు చల్లినవి చల్లినట్టే ఇంకిపోయాయి. ముగ్గుపిండి వేస్తే అదీ బొక్కల్లోకి పోయింది.

"అభినయా! ఏంది మే ఇది? మార్గళి నెల్లో ముగ్గు యాడ పెట్టేది, నీ నెత్తిన పెట్టేదా?"

"ముగ్గు కోసం వీధి మునగాల్నా అవ్వా?" నేనూ తగ్గలేదు.

"మునిగేది నాలుగు దినాలు. ముగ్గు దినామూ పెట్టాల!"

మధ్యాహ్నానికి వీధి వీధంతా అవ్వ వెనకే. ఎదురింటి లోగనాయకి అత్తకూ అవ్వకూ ముగ్గుల దగ్గర పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటిది ఆ పూట ఇద్దరూ ఒక్కటై నన్ను దులిపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నేళ్లు చదివితే వాకిట్లో ముగ్గుంటుందని ఏ పుస్తకమూ చెప్పలేదే! పుస్తకమెందుకు, ఆ ముగ్గులు దాటుకునే కదా బడికి పోయాను!

కోపం చల్లారాక ఒక ఉపాయం తట్టింది. ప్రతి గడప ముందూ ముగ్గు పట్టేంత మేర నున్నటి బండలు, మిగతా అంతా బొక్కల ఇటుకలు. ఆ మేర ఎంతో నేను గీయడం దేనికి, వాళ్లనే ముగ్గేసి చూపమంటే పోలా? మా వాకిట్లో ఇటుకలు తీయించి నేల చదును చేయించి, ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ఆదివారం మీ ముగ్గు ఎంత ఉంటే అంత చోటు మీది.

సంగతి విని సార్ నవ్వారు. "సరే అమ్మా. అయితే సగం వీధన్నా బొక్కల ఇటుకలకు మిగలాల. అంతకు తగ్గితే నీళ్లు ఇంకవు. నేను సంతకం పెట్టను."

ఆదివారం పొద్దున తలుపు తీసి చూసి తల పట్టుకున్నాను. మార్గళిలో, అందులోనూ మా వీధి ఆడవాళ్లతో, "ఎంత ఉంటే అంత మీది" అని చెప్పే మొద్దు మొహం ప్రపంచంలో నేనొక్కదాన్నే ఉంటాను! లోగనాయకి అత్త వేసిన రథం నడివీధి దాటి వచ్చింది. దాన్ని మించాలని అవ్వ వేసిన తామర పక్కింటి గేటు దాకా పాకింది. ఈ చివర్నుంచి ఆ చివరికి కాలు పెట్టే చోటు లేదు.

హద్దులు గీయించేందుకు సార్ పెయింటు డబ్బా, ఇద్దరు కూలీలతో వచ్చి, వీధి మొదట్లోనే చెప్పులు విడిచి నిలబడిపోయారు.

"ముగ్గులు శానా బాగుండాయి. నీళ్లు ఇంకేదానికి యాడుందమ్మా చోటు? రేపు సిమెంటుకే చెప్పేస్తా."

"కొంచెం తగ్గించుకోండత్తా," అని లోగనాయకి అత్తను బతిమాలాను.

"మునెమ్మక్కను తగ్గమను ముందు."

అవ్వను తగ్గమనే ధైర్యం ఎవరికుంది? కాపురానికి వచ్చినప్పట్నుంచి ఆ వీధిలో ఆమె ముగ్గే పెద్దది. నాకు ఏడుపొచ్చేసింది. అందరి ముందూ అరుగు మీద కూలబడి చున్నీతో ముక్కు తుడుచుకున్నాను.

"ఏడస్తా ఉండావా?" అంది అవ్వ.

"లేదు."

అవ్వ లోపలికి పోయి బకెట్టూ చీపురూ తెచ్చింది. తామర చివరి రెక్కల మీద నీళ్లు గుమ్మరించి కడగడం మొదలుపెట్టింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దవ్వా!"

"వదల్మే."

రెక్క తర్వాత రెక్క కడిగేసి, గడప ముందు చాప పరిచినంత మేర మిగిల్చింది. నడుం పట్టుకుని లేచి, వీధంతా వినేట్టు అరిచింది.

"నాకింత చాలు. మా పాప తొలి వీధి ఇది. ఇంతకన్నా పెద్దది ఎవురికి కావాల్నో చెప్పండి, వింటాను!"

లోగనాయకి అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, మిగిలిన ఆ తామరను చూసింది. "ఆమె అంతే పెట్టినాక నేను ఇంత పెట్టి గెలిస్తే ఏం గెలుపది?" అని గొణుక్కుంటూ బకెట్టు కోసం లోపలికి పోయింది. ఆ తర్వాత ఇంటింటా బకెట్ల చప్పుడే. సార్ ప్యాంటు పైకి మడుచుకుని, మిగిలిన ప్రతి ముగ్గు చుట్టూ పెయింటు గీత గీయించడం మొదలుపెట్టారు.

నేను అవ్వను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఈసారి సంతోషంతో. ఆమె తడి చేత్తోనే నా మొహం తుడిచి ముందుకు తోసింది.

"చాల్లే, పో మే. గీత సరిగ్గా వేస్తాండారో లేదో చూడు. ఆ లోగనాయకికి నాకన్నా జానెడు ఎక్కువ పోయిందంటే, నీ వీధీ వద్దు నువ్వూ వద్దు!"