గాజు కుట్టిన సంచీ

రాజమండ్రి మార్కెట్లో ఆకుకూరలమ్మే పెద్దింట్లమ్మకు బోణీ అంటే అమ్మణ్ణిగారి బోణీయే. ఆవిడ చెయ్యి తగిలితే మధ్యాహ్నానికల్లా తట్ట ఖాళీ అవుతుందని ఆమె నమ్మకం. అందుకే ఏ కూరకా కూర విడివిడిగా కవర్లలో వేసి, పైన కరివేపాకు కొసరేసి మరీ ఇచ్చేది.

అలాంటి అమ్మణ్ణిగారు ఉన్నట్టుండి రావడం మానేశారు. ఊళ్లో లేరా అంటే ఉన్నారు. ఎదురుగా చిట్టియ్య బండి దగ్గర, ఇటు చూడకుండా, చేతిసంచీలో తోటకూర వేయించుకుపోతున్నారు. పెద్దింట్లమ్మ ప్రాణం ఉసూరుమంది.

"మనవరాలికి కామెర్లొచ్చి తగ్గాయంట. శుభ్రం, శుభ్రం అంటన్నారావిడ," అన్నాడు చిట్టియ్య.

ఓహో, నా బకెట్టు నీళ్లన్నమాట, అనుకుంది పెద్దింట్లమ్మ. పొద్దస్తమానం కట్టలన్నీ ముంచి తీసే ఆ పచ్చటి నీళ్లు అప్పటికప్పుడే పారబోసి, కుళాయి నీళ్లు పట్టింది. గోనెపట్టా తీసేసి బల్ల వేసింది. సబ్బు కొంది. ఆమె చేతులు కడుక్కునే తీరు చూసి పక్క కొట్టువాళ్లు పెళ్లికూతురివా ఏంటని ఆటపట్టించారు. అయినా అమ్మణ్ణిగారు రాలేదు. ఇంకేం చెయ్యాలో తోచక పెద్దింట్లమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి ఒక పొద్దున్నే వచ్చారు.

"ఏమే, గోంగూర లేతగా ఉందా?"

"రండమ్మగారూ! మీకోసమే తీసుంచానండి!"

పెద్దింట్లమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు. సబ్బుతో కడిగిన వేలిని చటుక్కున నాలుక మీద అద్ది, కవరు నలిపి, ఉఫ్‌మని ఊది తెరిచింది.

అమ్మణ్ణిగారు చూపు తిప్పుకుని, బుట్టలోంచి చిన్న చిన్న గుడ్డసంచీలు తీశారు. ఒక్కోదాని మూతికీ ఒక పాత గాజు పెట్టి కుట్టి ఉంది.

"వీటిలో వెయ్యవే. నోళ్లు తెరుచుకునే ఉంటాయి. చూపు సరిగా ఆనక, కుట్టేసరికి ఇన్నాళ్లు పట్టింది."

పెద్దింట్లమ్మ సంచీ చూసింది. కవరు చూసింది. తడి వేలు చూసుకుంది. సిగ్గుతో తల వాలిపోయింది. తనను నొప్పించలేక ఆ ముసలి కళ్లతో సూదిలో దారం ఎక్కించుకున్న మనిషి మీద అంతలోనే ప్రేమ ముంచుకొచ్చింది.

"నోటితో ఒక్క మాట చెప్తే పోయేది గదండీ!"

"నీ నోటి సంగతే గదే. ఎలా చెప్పను?"

ఇద్దరికీ నవ్వాగలేదు. పెద్దింట్లమ్మ మళ్లీ చేతులు కడుక్కుని, గోంగూర కట్టలు సంచీలో వేసింది.

"రేపట్నుంచి నోరు మూసుకుని అమ్ముతానండి."

"నోరు మూస్తే నాకు కబుర్లెవరు చెబుతారే? ఆ వేలొక్కటీ దూరం పెట్టు చాలు. ఏదీ, నా కరివేపాకు?"