కట్టకు మూడు పొరలు

"అయిదింటి లోపట డిచ్‌పల్లిల ఇయ్యాలె, నువ్వింకా గిన్నెలే తోముతున్నవా?" అన్నాడు మా ఆయన భాస్కర్, తాగిన టీ గ్లాసు కూడా నా ముందే పెట్టి. అక్కడి యూనివర్సిటీలో నా థీసిస్ ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. నిజాంసాగర్ కాలువ నాచుల్లో హరితరేణువుల నిర్మాణం నా విషయం. మొత్తం ఏడేళ్లు పట్టింది. పరిశోధనకు నాలుగు, వంటకు మూడు.

"నాచు కోసం కాలువ దాంక ఎందుకు, మా బాత్రూంల ఫ్రీగ దొరుకుతది" అని చుట్టాలను నవ్వించేవాడు ఆయన. చివరి నెలలో మాత్రం ఫొటోలు అమర్చి, కింద పేర్లు, మొదట్లో కృతజ్ఞతల పేజీ తనే టైపు చేస్తానన్నాడు. మొగుడు సాయం చేస్తానంటే వద్దనేదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? సరేనన్నాను. నా బుద్ధి గడ్డి తింది.

నా చదువు గురించి విన్నది మా అత్తమ్మ గోదావరి ఒక్కతే. ఆమె బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని చెప్పేదాన్ని, స్పైరోగైరా అనే నాచులో హరితరేణువు మెలి తిరిగిన రిబ్బనులా ఉంటుందని, జిగ్నీమాలో రెండు నక్షత్రాల్లా ఉంటుందని. ఆమెకు చదువు రాదు. కట్టలో ఒక్క బీడీ తగ్గినా కంటితోనే పట్టేస్తుంది.

ఇప్పుడు బైండు చేసిన కాపీ ఒళ్లో పెట్టుకుని తిరగేస్తోంది.

"సుమలతా, గీ బొమ్మ కింద ఏం రాసిండ్రు?"

"ఎర్ర నాచు, అత్తమ్మా."

"ఎర్రదాంట్ల పొరలు ఒంటి ఒంటిగ ఉంటయంటివి. గిండ్ల మూడు మూడు కట్టలున్నయేందే?"

చేతులు తుడుచుకుని పరుగెత్తాను. హరితరేణువు లోపల పొరలు మూడేసి కట్టలుగా ఉండేది డయాటం అనే మరో నాచులో. ఎనభై నాలుగో పేజీలో రెండు ఫొటోల పేర్లూ తారుమారయ్యాయి, నాలుగు కాపీల్లోనూ. నాకు ఏడుపొచ్చింది. పరీక్షకులు చూస్తే థీసిస్ మొత్తం వెనక్కి కొడతారు.

"గంత సన్నగ ఎవడు సూస్తడు?" అన్నాడు భాస్కర్.

"నేను సూసిన గదరా!" అంది అత్తమ్మ.

మళ్లీ బైండు చేయించే టైం లేదు. తప్పొప్పుల చీటీ అంటించాల్సిందే.

"సరే, నేను టైపు చేస్త. నువ్వు గంతల బువ్వ పెట్టు."

"టైపు నేను చేస్త. బువ్వ మీరే పెట్టుకోండ్రి, మా ఇద్దరికి గూడ పెట్టుండ్రి" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎనభై నాలుగో పేజీ సవరణ రెండు నిమిషాల్లో అయిపోయింది. కృతజ్ఞతల పేజీ కూడా ఆయన టైపు చేసిందే కదా అని అదీ తెరిచి చూశాను. నేను రాయని వాక్యం ఒకటి చూసి, రెండో సవరణ చేర్చాను:

'నా భర్త శ్రీ భాస్కర్ గారి సూక్ష్మ పరిశీలన లేకపోతే ఈ గ్రంథం లేదు' అన్న వాక్యంలో 'నా భర్త శ్రీ భాస్కర్ గారి' బదులు, 'మా అత్తమ్మ, బీడీ కార్మికురాలు శ్రీమతి గోదావరి గారి' అని చదువుకోగలరు.