ఉప్పుకుండలో మాత్రల అట్ట

నేను ఒక రేకు పెట్టెను. 1991 జూలై ఎనిమిది నాకు బాగా గుర్తు. చేపల రేవు పక్కనున్న ఆరోగ్య ఉపకేంద్రానికి నన్ను తెచ్చిన నర్సు జ్ఞానసుందరి, బల్ల లేక నా మూత మీదే క్యారేజీ విప్పి నెత్తళ్ల వేపుడుతో అన్నం తిన్నది. ఆ నూనె మరక నేటికీ ఉంది.

భీమిలి బజారులో రేకుల పనివాడు నన్ను కొట్టినప్పుడు, ఏ పెళ్లికూతురి పట్టుచీరలకో అనుకున్నాను. తీరా నాలో చేరినవి నిరోధ్ పొట్లాలు, పిల్లలు పుట్టకుండా మింగే మాత్రల అట్టలు. ఇక మనుషుల మాట నమ్మడం మానేశాను. తలనొప్పని వచ్చిన ఆడవాళ్లకు తల నొప్పి ఉండదు. దగ్గుతూ వచ్చిన మగవాడు గుమ్మం దాటగానే దగ్గు మరచిపోతాడు.

నూకరత్నం కూడా తలనొప్పనే వచ్చేది. నాలుగేళ్లలో మూడు కాన్పులు. మూడోసారి నెత్తురు ఆగక చచ్చి బతికింది. మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని పెద్దాసుపత్రిలో చెప్పారు.

"మాయత్తకి తెలిత్తే సంపేత్తాది సిస్టరమ్మా," అని అట్టను జాకెట్లో దాచుకునేది.

అత్త పైడమ్మ కోపానికి కారణం లేకపోలేదు. వెనకటి రోజుల్లో ఆపరేషను క్యాంపుకని జీపెక్కించిన ఆమె చెల్లెలు తిరిగి రాలేదు. అప్పట్నుంచి నర్సు ఎదురైతే చాలు, ఉమ్మేసి పక్కకు తప్పుకునేది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం లోపలికొచ్చి నా ముందు నిలబడి, కొంగులోంచి అట్ట తీసింది. నా పని అయిపోయిందనుకున్నాను. నన్ను విసిరేయాలంటే సముద్రం నాలుగడుగుల దూరమే.

"ఉప్పుకుండలో దొరికింది," అంది.

జ్ఞానసుందరి లేచింది. "తప్పు నాదమ్మా. పిల్లనేమీ అనకు."

"నానేటన్నానని? నెల్లాళ్లబట్టి సూత్తన్నాను. రోజుకో గుంట కాళీ అవుతాది. నిన్న అవనేదు. వలలు కడిగి అలిసి తొంగుంది, మరిసిపోనాది. ఇప్పుడేటి సెయ్యాల?"

నర్సు అట్ట మీదకు వంగి, మిగిలిపోయిన మాత్రను వేలితో చూపింది. "తప్పిన మాత్ర వెంటనే వేసుకోవాలి. ఇవాళ్టిది మామూలు వేళకే."

"నాను సెప్పనేను. నాకు తెలుసంటే సిగ్గుపడి మానేత్తాది. నువ్వే ఏదో వంక పెట్టుకొని రా."

"పసిదాని తూకం చూడాలని వస్తాను."

"రా మరి. నాను తిడతాను, ఏటనుకోకు." అట్టను ఉన్నచోటే పెట్టడానికి పైడమ్మ గబగబా వెళ్లిపోయింది.

ఇప్పుడు కేంద్రానికి ఇనుప బీరువా వచ్చింది. నేను వెనక గదిలో, విరిగిన తూకం యంత్రం పక్కన ఉన్నాను. నూకరత్నం ఆశా కార్యకర్త అయింది. కొత్త కోడళ్లకు అట్టలిస్తూ, "మాయత్త పోయేదాకా తెలనివ్వనేదు నాను," అని నవ్వుతుంది. ఆ నవ్వు మీద నాకు ఎప్పుడూ అనుమానమే.

నిన్న సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు నా మూత మీద చెయ్యి వేసి గొణిగింది. "నాను బోర్లా పెట్టిన అట్ట, తెల్లారి ఎల్లకిలా ఉండేది."

తర్వాత చప్పుడు కాకుండా తలుపు వేసి ఇంటికెళ్లింది.