గీత కదలకూడదు

కొత్త పరికరం ల్యాబులో దిగిన రోజు అందరూ దాని చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. నేను మాత్రం అట్టపెట్టెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కేబుళ్ల కోసం వెతికాను. లేవు. అంత పెద్ద పరికరం అమ్మినవాళ్లు, దానికి తగిలించే కేబుళ్లు మీరే చూసుకోండని చేతులు దులుపుకున్నారు. నాకు అసలే ముక్కు మీద కోపం. ఆ రోజంతా ఎవరూ నా జోలికి రాలేదు.

ఫిల్టర్లు, యాంప్లిఫయర్లు, యాంటెనాలు పరీక్షించడం మా పని. చిన్న చిన్న కంపెనీలవాళ్లు తయారుచేసి మాకు పంపుతారు. ఒకవైపు నుంచి సిగ్నల్ పంపి, రెండోవైపు ఎంత వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది అని కొలిచి, బాగుందో లేదో చెబుతాం. ఆ ఆలస్యాన్ని డిగ్రీల్లో లెక్కేస్తాం. ఇన్నాళ్లూ ఆరు గిగాహెర్ట్జ్ దాకా కొలిచేవాళ్లం. కొత్తది ఇరవయ్యారు దాకా వెళ్తుంది.

కొనుగోళ్లు చూసే పెద్దమనిషికి మేం పెట్టుకున్న పేరు కొటేషన్. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "కేబులేగా మేడమ్, దాందేముంది, ఇన్నాళ్లూ వాడినవే తగిలించెయ్యండి" అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. "దీంట్లో సిగ్నల్ సెకనుకి రెండువేల ఆరొందల కోట్ల సార్లు ఊగుతుందండీ. కేబుల్ కాస్త వంగి, లోపలి తీగ వెంట్రుకవాసి జరిగిందంటే లెక్కంతా తారుమారు. కేబుల్ చేసిన తప్పు ఆ ఫిల్టర్ చేసినవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్ల ఉసురు నాకెందుకు?"

"అయితే ఏది కావాలో మీరే తేల్చి రాసివ్వండి" అని ఆయన మెల్లగా తప్పుకున్నాడు. వారం తిరక్కుండా నలుగురు తయారీదారుల దగ్గర్నుంచి నాలుగు కేబుళ్లు నమూనాకి వచ్చాయి. శుక్రవారం లోపు ఒకటి ఎంచాలి. ఎంచింది ఆరు బల్లల మీదా పదేళ్లు నడుస్తుంది. కాగితాల మీద చూస్తే నాలుగూ బంగారమే. అప్పుడు నాకు బాబాయి గుర్తొచ్చారు.

బాబాయంటే రక్తసంబంధం కాదు. నాకు పని నేర్పిన పెద్ద టెక్నీషియన్. నేను చేరేనాటికి మా ల్యాబు మెట్లెక్కగానే ఉన్న రెండు గదులు. కిటికీ అద్దాలకు ముదురు రంగు పూసి ఉండేది. ఆకుపచ్చ తెర ఉన్న పాత పరికరం, దాని పక్కన టంకం వాసన, తలుపు వెనక మేకుకు వేలాడే కేబుళ్లు. కొలత మొదలయ్యే ముందు బాబాయి వెనక్కి తిరక్కుండానే "ఫ్యాన్" అనేవారు. గాలికి కేబుల్ కదులుతుందని ఫ్యాను ఆపాల్సిందే. ఎండాకాలంలో మేమంతా చెమటతో తడిసి ముద్దయి, తెర మీద గీత వైపు కళ్లలో వత్తులు వేసుకుని చూసేవాళ్లం. అప్పుడు విసుక్కున్నాను గానీ ఆ ఉక్కపోత మళ్లీ కావాలని ఇప్పుడు అనిపిస్తుంది. ఇప్పటి గదిలో ఏసీ ఉంది, ఎవరి చెవుల్లో వాళ్లు పాటలు వింటారు.

చేరిన రెండో నెలలో నేనొక ఘనకార్యం చేశాను. మేకుకున్న కేబుళ్లలో ఒకదాన్ని తీసి తగిలించాను. అది టీవీకి వాడే రకం. పైకి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది, అలాగే బిగుసుకుంటుంది, లోపలి కొలత వేరు. తెర మీద గీత అలలు అలలుగా వచ్చింది. తప్పు ఫిల్టర్‌దే అనుకుని రెండు రోజులు దాన్ని విప్పి బిగించి, బిగించి విప్పి, నా తలప్రాణం తోకకొచ్చింది. బాబాయి పక్కనే కూర్చుని టీ తాగుతూ చూశారు. మూడో రోజు పొద్దున ఏడుపు మొహంతో ఆయన ముందు నిలబడితే, "ఫిల్టర్‌ని ఇన్ని ప్రశ్నలడిగావు, కేబుల్‌ని ఒక్కటన్నా అడిగావా అమ్మాయ్?" అన్నారు. ఆ కోపంలో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. టీవీ కేబుల్ మాత్రం జన్మలో మళ్లీ తగిలించలేదు.

కేబుల్‌ని ఎలా అడగాలో ఆయనే నేర్పారు. రెండు చివర్లూ పరికరానికి బిగించి, మధ్యలో చేత్తో పట్టుకుని, మెల్లగా ఇటూ అటూ వంచి, కదలకుండా ఆపాలి. చేతిని కాదు, తెరను చూడాలి. గీత కదలకూడదు. నెగ్గిన కేబుల్‌కి పిన్ని కుట్టుపెట్టెలోంచి తెచ్చిన ఆకుపచ్చ దారం కట్టేవారు. ఓడినదాన్ని కత్తిరించి పారేసేవారు, పొరపాటున కూడా ఎవరూ మళ్లీ వాడకుండా. దాన్ని మేం చేతి పరీక్ష అనేవాళ్లం. ఎంత వంచాలో పుస్తకాల్లో ఉంటుంది, ఎంత మెత్తగా వంచాలో మాత్రం ఆయన చేతికే తెలుసు.

ఆయన రిటైరై నాలుగేళ్లయింది. ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది. సంగతి చెప్పాను.

"ఆయన కుడిచెయ్యి వణుకుతోందమ్మా, రెండేళ్లయింది. నీకు చెప్పొద్దన్నారు. మంచినీళ్ల గ్లాసు కూడా సగమే నింపి ఇస్తున్నా. ఇంట్లో ఏది ముట్టుకోబోయినా 'మీరుండండి' అంటాను, అలవాటైపోయింది. ఆ మాట ఆయనకి ఎంత గుచ్చుకుంటోందో మొహంలో కనిపిస్తుంది."

"అయితే వద్దులే పిన్నీ."

"వద్దనకు. తీసుకెళ్లు. కానీ ఒక్కటే. పని చేసొచ్చానన్న మాటతో ఇంటికి రావాలి. పనికిరానన్న మాటతో వస్తే మాత్రం ఆ మనిషిని మళ్లీ లేపడం నా వల్ల కాదు."

ఫోన్ పెట్టేశాను. పిలిచినా తప్పే, పిలవకపోయినా తప్పే. చివరికి పిలిచాను.

బుధవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చారు. మెడ దగ్గర రెండు చోట్ల తెగింది. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. కొత్త పరికరం చుట్టూ ఒకసారి తిరిగి, "బాగా బలిసింది" అన్నారు. నవ్వొచ్చింది. నాలుగేళ్ల దిగులు ఆ ఒక్క మాటతో సగం పోయింది.

మొదటి కేబుల్ బిగించాను. నట్టు తిప్పుతున్నప్పుడు కేబుల్ కూడా తిరుగుతోందేమోనని ఆయన వంగి చూశారు. చూస్తారని నాకు ముందే తెలుసు. తర్వాత జేబులోంచి చెయ్యి తీసి మధ్యలో పట్టుకున్నారు.

గీత గజగజలాడింది. పదకొండు డిగ్రీలు పైకీ కిందికీ.

"పనికిరాదు, తీసెయ్" అన్నారు.

రెండోది పెట్టాను. ఆయన వంచి, ఆపారు. ఆపినా గీత ఆగలేదు. ఏడు డిగ్రీలు. నాకు అర్థమైపోయింది. వణుకుతున్నది చెయ్యి. ఆయన నుదురు ముడిపడింది.

"ఆపినా ఊగుతోందేంటే?"

"కనెక్టర్ సరిగ్గా బిగిసినట్టు లేదు బాబాయ్" అన్నాను.

విప్పి, దూది స్పిరిట్‌లో ముంచి తుడిచి, మళ్లీ బిగించాను. అలాగే ఊగింది. "దుమ్మేమో" అన్నాను. ఇంకోసారి తుడిచాను. అవతలి చివర కూడా విప్పి తుడిచాను. శుభ్రంగా మెరుస్తున్న కనెక్టర్‌ని మూడుసార్లు తుడవడం మా పనివాళ్లకే సాధ్యమైన అబద్ధం. బయటివాళ్లెవరైనా చూస్తే ఎంత శ్రద్ధో అనుకుంటారు. బాబాయి బయటివారు కాదు.

"నువ్వు పట్టుకో" అన్నారు.

"ఎందుకు బాబాయ్, మీరే..."

"పట్టుకోమన్నానా!"

పట్టుకున్నాను. వంచాను, గీత కాస్త పక్కకు జరిగింది. ఆపాను, ఆగింది. నా చేతిలో ఆ కేబుల్ బుద్ధిగా ఉంది. వేలు కొంచెం కదిలించి గీతను ఊపేద్దామా అని ఒక్క క్షణం ఆలోచించాను. సిగ్గేసింది.

ఆయన తెరను చూశారు, నా చేతిని చూశారు. "ఇందాకట్నుంచీ తెలుసు కదూ నీకు" అన్నారు.

నేను కేబుల్ వదిలేశాను.

"నిజంగా పాడైన కనెక్టర్‌కి అంత సేవ ఎప్పుడైనా చేశావా? జాలి పడితే పడ్డావు, కొలత దగ్గర అబద్ధమాడతావా? నేను నేర్పింది ఇదా?" గొంతు పెద్దది చేయలేదు. చేసుంటే బాగుండేది. చెయ్యి మళ్లీ జేబులోకి పోయింది. "మీ పిన్నికి ఫోన్ చెయ్, వస్తున్నానని."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను గానీ నంబరు నొక్కలేకపోయాను. పిన్ని చెప్పిన ఒక్క మాటా నా చేతుల మీదే పాడైంది. ఏడిస్తే ఇంకా తిడతారని పళ్ల బిగువున ఆపుకుని, బల్ల మీద కేబుళ్లు సర్దుతున్నట్టు నటించాను.

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగారు. గది అవతల మిగిలిన ఐదు బల్లల దగ్గరా పని నడుస్తోంది. ఒకతను ఒంటిచేత్తో కేబుల్ తోసేసి ఇంకో చేత్తో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఒకమ్మాయి కేబుల్ మీదే మోచెయ్యి ఆనించి రాసుకుంటోంది. ఇంకొకరి కుర్చీ బల్లకి తగిలి బల్లంతా ఊగింది. బాబాయి చాలాసేపు చూశారు. వీళ్లకి బొత్తిగా భయం లేదని తిడతారనుకున్నాను.

"ఇదిగో, ఈ కేబుళ్లు వాడేది వీళ్లేనా?"

"వీళ్లే బాబాయ్."

"మరి నువ్వెందుకు ఊపిరి బిగబట్టి పరీక్షిస్తున్నావు? మనం ఫ్యాను ఆపి, కిక్కురుమనకుండా కూర్చుని పట్టుకుంటే ఏ కేబులైనా మంచిదే." వెనక్కి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఆ కేబులూ వణికింది. నా చెయ్యి ఊపితే కుదురుగా ఉండలేకపోయింది, ఏడు డిగ్రీలు పోయింది. అది దాని తప్పు కాదూ? మూడోది పెట్టు."

జేబులోంచి చెయ్యి బయటికొచ్చింది. ఈసారి దాన్ని ఆపాలని ఆయన కండలు బిగించలేదు. వణకనిచ్చారు. వేళ్లు, మణికట్టు, చొక్కా చెయ్యి అంచు, అన్నీ కదులుతున్నాయి. నేను తెర వైపు చూశాను.

గీత కదలడం లేదు.

పరికరం ఆగిపోయిందేమోనని బటన్లు నొక్కి చూశాను. నడుస్తోంది. తెర మీద గీతను పదింతలు పెద్దది చేసి చూశాను. అప్పుడు కనిపించింది సన్నటి కదలిక, అర డిగ్రీ కూడా లేదు. నాలుగోది పెట్టాం, పైన ఉక్కు తొడుగున్నది, కొటేషన్‌కి బాగా నచ్చినది. అది నాలుగు డిగ్రీలు పోయింది. మూడోదే మళ్లీ పెట్టాం. ఎంత సిగ్నల్ దారిలో పోతోందో, ఎంత వెనక్కి కొడుతోందో కూడా చూశాం. వాటిలోనూ నెగ్గింది.

"రాసుకో" అన్నారు.

పరీక్ష చేసినవారు అన్నచోట ఆయన పేరు రాశాను. పద్ధతి అన్నచోట ఆగాను. పాత అలవాటు చొప్పున 'చేత్తో వంచి' అని రాయబోయాను.

"కాదు. ఉన్నదున్నట్టు రాయి. కుడిచెయ్యి నిలకడ లేని మనిషి మధ్యలో పట్టుకున్నారు. గీత అర డిగ్రీ లోపు నిలిచింది."

"బాబాయ్, ఇది పైవాళ్లంతా చదువుతారు."

"చదవనీ. కొలతలో ఉన్నది దాస్తే అది కొలతెలా అవుతుంది? నేనొచ్చింది దీనికే కదా. మంచి చెయ్యి కావాలంటే నీ దగ్గర పది ఉన్నాయి."

రాశాను. నా రాత ఆ రోజు ఆయన చేతికంటే ఎక్కువ వణికింది. ఏడుస్తున్నావా అని అడిగారు, లేదన్నాను, ఈ అబద్ధానికి మాత్రం ఏమీ అనలేదు.

ఇక పనైపోయిందని కేబుల్ విప్పడానికి స్పానర్ తీసుకున్నాను. ఆయన ఇంకా మధ్యలో పట్టుకునే ఉన్నారు.

"ఉండు" అన్నారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "రెండేళ్లయింది అమ్మాయ్, నా చెయ్యి ఇంత కుదురుగా ఉండగా చూసి. ఇంకాసేపు ఉండనీ."

స్పానర్ కింద పెట్టి, ఆయన పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇద్దరం ఆ గీతనే చూస్తూ ఉండిపోయాం.